స్ప్రింక్లర్ ఎందుకంత నెమ్మదిగా తిరుగుతుంది? తుంపర సేద్యం చరిత్రలో ఒక చిన్న స్ప్రింగు కథ

తుంపర సేద్యం గురించి మన నోట్సుల్లో ఉండేది మహా అయితే నాలుగు లైన్లు. నీళ్లు ఆదా అవుతాయి, ఎగుడుదిగుడు నేలకు పనికొస్తుంది, కూలీ ఖర్చు తగ్గుతుంది, గాలి ఎక్కువగా వీచే చోట సరిపడదు. అంతే. 2016 మెయిన్స్ జీఎస్-3లో నీటి వినియోగ సామర్థ్యం గురించి, అందులో సూక్ష్మ సేద్యం పాత్ర గురించి అడిగారు. ఈ నాలుగు లైన్లతో అప్పుడు బండి నడిచి ఉండొచ్చు. 2021లో మళ్లీ అదే అంశం వచ్చింది, కానీ కొంచెం మెలిపెట్టి: దేశ నీటి సంక్షోభాన్ని సూక్ష్మ సేద్యం ఎలా, ఎంతవరకు తీర్చగలదు? ఈ 'ఎంతవరకు' దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఆ మాటకు జవాబు చెప్పాలంటే ఆ పరికరం ఎలా పనిచేస్తుందో, అలా పనిచేయడం ఎవరు ఎప్పుడు నేర్పారో తెలియాలి. ఈ వ్యాసంలో ఒక్క విషయం మీదే దృష్టి పెడదాం: నీటి బలంతోనే తిరిగే స్ప్రింక్లర్ వేగాన్ని మనిషి ఎలా అదుపులోకి తెచ్చుకున్నాడు.

ఇంత చిన్న విషయం ఎందుకని మీకు అనిపిస్తే, ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను.

బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం, సంక్రాంతి సెలవులు. బోరు కింద మాకు రబీ చెనిక్కాయ ఉంది, ఊడలు దిగే దశ. చేలో ఒక స్ప్రింక్లర్ తిరగడం ఆగిపోయి ఒకేవైపు నీళ్లు కొడుతోంది. ఇంజనీరు కొడుకు ఇంట్లో ఉండగా మెకానిక్ ఎందుకని దాన్ని నేనే విప్పాను. లోపల ఇసుక. కడిగాను. బేరింగు దగ్గర అరిగిపోయిన వాషర్లు రెండుంటే తీసి పారేశాను, కాస్త గ్రీజు కూడా పూసి మళ్లీ బిగించాను. మోటరు వేయగానే తిరణాలలో రంగులరాట్నంలా గిరగిరా తిరిగింది. పక్కనున్నవి నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంటే నాది నాలుగైదు తిరుగుతోంది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. సాయంత్రం మా నాన్న చేను చుట్టూ తిరిగి వచ్చి ఒకే మాట అన్నాడు: "బాగా తిరగతాంది లే. నీళ్లు యాడికి పోతాండాయో చూసినావా?" వెళ్లి చూస్తే దాని తడి వలయం కుంచించుకుపోయింది. పక్క స్ప్రింక్లర్‌కూ దీనికీ నడుమ ఒక పట్టీ పొడిగా మిగిలింది. పొడి నేలలోకి ఊడ దిగదు. నేను కాలేజీకి వెళ్లిపోయిన వారానికి గానీ వాళ్లు కొత్త వాషర్లు తెచ్చి వేయలేదు. కోతల్లో ఆ పట్టీలో చెట్టు పీకితే కాయలు లేవు.

తిప్పడం తేలిక, ఆపడమే కష్టం

నీటి ధార ఒకవైపు దూకితే గొట్టం రెండోవైపు నెట్టుకుంటుంది. న్యూటన్ మూడో నియమం. ఈ సూత్రంతో తిరిగే పరికరాలు చాలా పాతవి. క్రీస్తు శకం తొలి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో ఆవిరితో తిరిగే గోళాన్ని వర్ణించాడు. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో నీటితో తిరిగే 'బార్కర్ మిల్లు' వచ్చింది. 1750 ప్రాంతంలో గొట్టింగెన్‌లో పనిచేసిన యోహాన్ సెగ్నర్ ఇదే పద్ధతిలో ఒక నీటి చక్రాన్ని తయారుచేశాడు. దాన్ని లెక్కల్లో పెట్టడానికి ఆయిలర్ కూర్చున్నాడు. మనం ఇంజనీరింగులో బట్టీ పట్టే టర్బైన్ సమీకరణం పుట్టింది అక్కడే. అంటే జలవిద్యుత్ కేంద్రంలో తిరిగే టర్బైనూ, పచ్చికలో తిరిగే స్ప్రింక్లరూ ఒక తల్లి బిడ్డలు.

కానీ ఇద్దరి అవసరాలూ వేరు. టర్బైన్‌కు వేగం కావాలి, దాని మీద జనరేటర్ బరువు ఉంటుంది. స్ప్రింక్లర్ మీద ఏ బరువూ లేదు. ధార ప్రతిచర్యతో తిరిగే చక్రం వేగం పెరిగేకొద్దీ అపకేంద్ర బలం వల్ల గొట్టంలో నీరు ఇంకా జోరుగా బయటికి వస్తుంది. కాబట్టి తిప్పే బలం సున్నా కావడమన్నది ఉండదు. రాపిడి అన్నదే లేకపోతే కాగితం మీద ఆ వేగానికి హద్దు లేదు. వాషర్లు పారేసి, గ్రీజు పూసి నేను చేసిందేమిటో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఉన్న కళ్లేన్ని ఊడదీశాను.

వేగంగా తిరిగితే నష్టమేమిటి? ఇక్కడ చాలామంది పొరబడతారు. నీళ్లు తక్కువ పడతాయని అనుకుంటారు. గంటకు పడే మొత్తం నీరు మారదు. ఒక చిన్న లెక్క చూడండి. 4 మిల్లీమీటర్ల నాజిల్, 2.5 కిలోల పీడనం అనుకుందాం. ధార సెకనుకు దాదాపు 22 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. గంటకు సుమారు 950 లీటర్లు. స్ప్రింక్లర్లు 12 మీటర్లకు ఒకటి చొప్పున రెండు దిక్కులా ఉంటే ఒక్కోదాని వాటా 144 చదరపు మీటర్లు. భాగిస్తే గంటకు ఆరున్నర మిల్లీమీటర్ల వాన. అది నిమిషానికి ఒకసారి తిరిగినా, పదిసార్లు తిరిగినా ఈ అంకె అదే.

మారేది ఆ నీరు పడే చోటు. నిలకడగా ఒకే దిక్కుకు పోయే ధార తన చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుపోతుంది. వెనకొచ్చే నీటికి దారి తేలికవుతుంది. రోడ్డు మీద లారీ వెనక సైకిల్ తొక్కినవాళ్లకు ఇది తెలుసు. ధార చకచకా పక్కకు జరిగితే మాత్రం ప్రతి బొట్టూ కదలని కొత్త గాలిని ఢీకొట్టాలి. ధార గుర్రం తోకలా వంగి, తొందరగా చిట్లి, దగ్గర్లోనే పడిపోతుంది. అందుకే చేలో వాడే మామూలు స్ప్రింక్లర్ నిమిషానికి ఒక చుట్టుకు అటూఇటూగా తిరగాలి, పెద్ద రెయిన్ గన్ ఒక చుట్టుకు రెండు నుంచి నాలుగు నిమిషాలు తీసుకోవాలి. 15 మీటర్ల వలయానికి నిమిషానికో చుట్టు అంటే ధార కొస నేల మీద సెకనుకు ఒకటిన్నర మీటర్లు నడుస్తుందన్నమాట. మనిషి నడక వేగం. అలాగని మరీ నెమ్మదిగా తిరిగినా చిక్కే. రెయిన్ గన్ ధార ఒకేచోట ఎక్కువసేపు పడితే పెద్ద బొట్లు మట్టిని కొట్టి పైపొరను చదును చేస్తాయి. ఆపైన నీరు ఇంకదు, పారుతుంది.

(సైన్స్ అండ్ టెక్నాలజీ ఇష్టమున్నవాళ్లకు ఒక పక్కదారి. స్ప్రింక్లర్ నీళ్లు చిమ్మకుండా లోపలికి పీల్చుకుంటే ఎటు తిరుగుతుంది? 1883లో ఎర్న్‌స్ట్ మాహ్ తన యాంత్రిక శాస్త్ర గ్రంథంలో ఎత్తిన ప్రశ్న ఇది. ప్రిన్‌స్టన్‌లో విద్యార్థిగా ఫైన్‌మన్ దీన్ని పరీక్షించబోయి గాజు సీసా పేల్చుకున్నాడు. 2024లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు: వ్యతిరేక దిశలోనే తిరుగుతుంది, కాకపోతే యాభై రెట్లు నెమ్మదిగా.)

గ్లెన్‌డోరా, 1933

19వ శతాబ్దం చివరికి అమెరికా పట్టణాల్లో ఇళ్లకు కుళాయిలు వచ్చాయి, వాటితో పాటు పచ్చికకు నీళ్లు చల్లే తిరిగే స్ప్రింక్లర్లూ వచ్చాయి. పది అడుగుల పచ్చికకు గిరగిరా తిరిగినా పర్వాలేదు. పొలానికి అది కుదరదు. పొలంలో రైతులు గుంజల మీద పైపులు పరిచి, వాటికి వరసగా రంధ్రాలు పెట్టి, ఆ పైపునే ఇటూఅటూ దొర్లించేవారు. దూరం విసిరే స్ప్రింక్లర్ కావాలంటే ముందు దాన్ని నెమ్మదింపజేయాలి. బేరింగును బిగిస్తే? కొత్తగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. ఇసుక దూరితే ఆగిపోతుంది, అరిగితే గిరగిరా తిరుగుతుంది. లోపల చిన్న టర్బైన్ పెట్టి పళ్లచక్రాలతో వేగం తగ్గిస్తే? పనిచేస్తుంది, కానీ బురద నీళ్లు దాని పాలిట యముడు.

దక్షిణ కాలిఫోర్నియాలో గ్లెన్‌డోరా అనే ఊరుంది. నారింజ, నిమ్మ తోటల ప్రాంతం. మహా మాంద్యం నడుస్తున్న రోజులు. అక్కడ ఆర్టన్ ఎంగెల్‌హార్ట్ అనే తోట రైతు 1933లో ఒక పరికరం చేశాడు. 1935లో పేటెంటు వచ్చింది. ఇరుగుపొరుగున ఉండే క్లెమ్, మేరీ లఫెట్రా దంపతులు ఆ హక్కులు తీసుకుని కొట్టంలో తయారీ మొదలుపెట్టారు. అదే తర్వాత 'రెయిన్ బర్డ్' కంపెనీ అయింది. 1990లో అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం ఈ పరికరాన్ని చారిత్రక ఆవిష్కరణగా గుర్తించింది.

అది చేసే పని మీరు ఏ ఊరి చేలోనైనా చూడొచ్చు. టక్... టక్... టక్... అని కొట్టుకుంటూ తిరిగే స్ప్రింక్లర్ అదే. దగ్గరికెళ్లి ఒక్క నిమిషం గమనించండి. పైన అడ్డంగా సుత్తి లాంటి ఒక చేయి ఉంటుంది, దానికి ఒక స్ప్రింగు. చేయి కొసన చిన్న గరిటె. నాజిల్ నుంచి వచ్చే ధార ఆ గరిటెకు తగిలి చేతిని పక్కకు తోసేస్తుంది. చేయి దూరంగా ఊగుతుంది, స్ప్రింగు బిగుసుకుంటుంది. బిగిసిన స్ప్రింగు చేతిని వెనక్కి లాగుతుంది. చేయి తిరిగొచ్చి స్ప్రింక్లర్ శరీరాన్ని టక్కున కొడుతుంది. ఆ దెబ్బకు శరీరం కొన్ని డిగ్రీలు జరుగుతుంది. గరిటె మళ్లీ ధారలో పడింది, మళ్లీ అదే వరస.

ఇందులో తెలివి ఎక్కడుందో చూడండి. రెండు దెబ్బల మధ్య శరీరం కదలదు. బేరింగు దగ్గరి వాషర్ల రాపిడి దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ కాస్త సమయం ధార నిలకడగా, ఏ అడ్డూ లేకుండా చివరిదాకా పోతుంది. గరిటె ధారకు అడ్డొచ్చిన క్షణంలో మాత్రం నీరు చెదిరి దగ్గర్లో పడుతుంది. అంటే దూరానికి ధార, దగ్గరికి చెదురు, రెండూ ఒకే గరిటె చేస్తోంది. వేగం రెండు చోట్ల తేలుతుంది. ఎంత త్వరత్వరగా కొట్టాలన్నది స్ప్రింగు బిగువు చేతిలో, ఒక్కో దెబ్బకు ఎంత జరగాలన్నది వాషర్ల రాపిడి చేతిలో. రాపిడి అంటే నష్టమని మనకు నేర్పారు. ఇక్కడ రాపిడే పనిముట్టు. అందుకే దీనికి నూనె, గ్రీజు పెట్టకూడదు, నీరే దానికి కందెన. ఈ సంగతి నాకు నాలుగేళ్ల డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడిని కానేమో.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తేలికైన అల్యూమినియం పైపులు చవగ్గా దొరకడంతో ఈ స్ప్రింక్లర్ ప్రపంచమంతా పాకింది. బరువైన ఇనుప పైపులు మోసే బాధ తప్పింది.

డబ్బాలతో కొలత

సమానంగా పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది? 1942లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జె.ఇ. క్రిస్టియన్‌సెన్ దీనికి ఒక కొలమానం ఇచ్చాడు. చేలో వరసగా డబ్బాలు పెట్టండి. స్ప్రింక్లర్లు కాసేపు నడిపాక ఒక్కో డబ్బాలో ఎంత నీరుందో కొలవండి. సగటు తీయండి. ఒక్కో డబ్బా ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో కూడి, ఆ మొత్తాన్ని సగటుతోనూ డబ్బాల సంఖ్యతోనూ భాగించి, ఒకటిలోంచి తీసేయండి. శాతంలో చెప్తే అదే ఏకరూపతా గుణకం. సుమారు 84 శాతం ఉంటే ఫర్వాలేదని పాఠ్యపుస్తకాలు అంటాయి. మన దేశంలోనూ స్ప్రింక్లర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశాలున్నాయి. స్ప్రింక్లర్ నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు వినిపించే మొదటి అంకె ఇదే.

ఇది గుమాస్తా లెక్క కాదు, నీటి ఆదా మొత్తం దీని మీదే నిలబడి ఉంది. ఏ రైతూ సగటు చూసి మోటరు ఆపడు. చేలో వాడిపోతున్న మూల ఎక్కడుందో అక్కడ తడి అందేదాకా నడుపుతాడు. ఏకరూపత తక్కువైతే ఆ మూల తడిసేలోపు మిగతా చేను మితిమీరి తాగుతుంది. ఆ అదనపు నీరు వేర్లు దాటి కిందికి పోతుంది, యూరియాను కూడా పట్టుకుని. కాబట్టి 'స్ప్రింక్లర్ ఇంత శాతం నీరు ఆదా చేస్తుంది' అని మనం రాసే వాక్యం వెనక ఒక షరతు ఉంది. అది సరైన పీడనంతో, సరైన దూరంలో, సరైన వేగంతో తిరగాలి.

జైబాక్ యంత్రం: నీటితో నడిచే చక్రాలు

ఇక రెండో మలుపు. 1947 ప్రాంతంలో అమెరికాలోని కొలరాడోలో ఫ్రాంక్ జైబాక్ అనే రైతు ఒక ప్రదర్శనలో స్ప్రింక్లర్ పైపులను కూలీలు బురదలో మోసి మార్చడం చూశాడు. ఈ చాకిరీ ఎందుకు, పైపే నడవొచ్చు కదా అనుకున్నాడు. పొలం మధ్యలో బావి, అక్కడ ఒక కీలు. దానికి కట్టిన పొడవాటి పైపు చక్రాలున్న టవర్ల మీద గడియారం ముల్లులా తిరుగుతుంది. 1949లో దరఖాస్తు, 1952లో పేటెంటు. 1954లో నెబ్రాస్కాలోని రాబర్ట్ డాహర్టీ కంపెనీ హక్కులు కొన్నది. దీన్నే సెంటర్ పివట్ అంటాం. విమానం నుంచి చూస్తే అమెరికా మైదానాల్లో, సౌదీ ఎడారిలో కనిపించే పచ్చని వలయాలు ఇవే. జాగ్రఫీ ఆప్షనల్ వాళ్లు ఉపగ్రహ చిత్రాల్లో చూసే ఉంటారు.

జైబాక్ తొలి యంత్రంలో కరెంటు మోటర్లు లేవు. పైపులో పారే నీటి పీడనమే టవర్ల దగ్గర సిలిండర్లలోని పిస్టన్లను నెట్టి చక్రాలను తిప్పేది. వేగం సమస్య ఇక్కడ ఇంకో రూపంలో వచ్చింది. 400 మీటర్ల పైపు ఒక చుట్టు తిరిగితే చివరి టవరు రెండున్నర కిలోమీటర్లు నడవాలి. కేంద్రానికి దగ్గరి టవరు మూడు వందల మీటర్లు నడిస్తే చాలు. అన్నీ ఒకే గీతలో ఉండాలి, లేకపోతే పైపు విరుగుతుంది. జైబాక్ చేసింది ఇది: రైతు చివరి టవరు దగ్గర మాత్రమే కవాటం తిప్పి వేగం పెడతాడు. అది ముందుకు పోగానే పైపు కొద్దిగా వంగుతుంది, ఆ వంపును తీగలు పసిగట్టి పక్క టవరు కవాటాన్ని తెరుస్తాయి. అది వచ్చి గీతలో కలవగానే కవాటం మూసుకుంటుంది. అలా ఒకదాని వెనక ఒకటి. కంప్యూటర్ లేని కాలంలో ఇది అచ్చమైన ఫీడ్‌బ్యాక్ నియంత్రణ. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే.

పివట్‌లో వేగం అంటే నీటి మోతాదే. సెకనుకు 50 లీటర్లు, 50 హెక్టార్లు అనుకోండి. ఒక రోజులో చుట్టు పూర్తయితే నేలకు దాదాపు 8.6 మిల్లీమీటర్లు, రెండు రోజులైతే 17. మామూలు స్ప్రింక్లర్‌లో వేగం మారితే పడే చోటు మారుతుంది, ఇక్కడ పడే మోతాదు మారుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. నీటితో నడిచే పద్ధతికి రెండు లోపాలుండేవి. పీడనం తగ్గితే వేగమూ తగ్గుతుంది. నీళ్లు పెట్టకుండా యంత్రాన్ని ఉత్తినే జరపడం కుదరదు. అందుకే తర్వాతి కాలంలో నూనెతో, కరెంటుతో నడిచేవి దాని స్థానం ఆక్రమించాయి.

ఈ యంత్రం వచ్చాక అమెరికా మైదానాల్లో ఏమైందో మన ప్రశ్నకు చాలా ముఖ్యం. ఇసుక దిబ్బలు, మిట్ట నేలలు, అంతకుముందు కాలవ పారని భూములన్నీ సాగులోకి వచ్చాయి. కింద ఉన్న ఓగల్లాల జలాశయం నుంచి నీరు తోడారు. టెక్సస్, కాన్సస్‌లలో చాలాచోట్ల నీటిమట్టం దారుణంగా పడిపోయింది. సౌదీ అరేబియా 1980లలో ఇదే పద్ధతితో గోధుమ పండించి ఎగుమతి కూడా చేసింది. మళ్లీ నిండని ఆ భూగర్భ జలాలు తరిగిపోతున్నాయని గ్రహించి 2008లో విధానం మార్చుకుంది, 2016 నాటికి స్థానిక గోధుమ కొనుగోలు ఆపేసింది. 1865లో జెవన్స్ బొగ్గు గురించి చెప్పిన వైరుధ్యం ఇదే: ఒక వనరును పొదుపుగా వాడే యంత్రం వస్తే ఆ వనరు వాడకం మొత్తం మీద పెరగొచ్చు.

మన నేల మీద

భారతదేశంలో తుంపర సేద్యం మొదట కాలుమోపింది కొండల్లో. పశ్చిమ కనుమల కాఫీ, టీ, ఏలకుల తోటల్లో. కొడగు, చిక్కమగళూరు కాఫీ రైతుకు ఇది ఏడాది పొడుగునా పెట్టే తడి కూడా కాదు. రోబస్టా మొగ్గ విచ్చుకోవడానికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక మంచి వాన పడాలి. ఆ 'పూత వాన' సమయానికి రాకపోతే స్ప్రింక్లర్లతో కురిపిస్తారు. ఒక్క తడి తప్పితే ఏడాది పంట తప్పుతుంది. ఆ తర్వాత హర్యానా దక్షిణ జిల్లాలు, రాజస్థాన్ ఇసుక నేలలు. అక్కడ కాలవ తవ్వి నీరు పారిస్తే సగం దారిలోనే ఇంకిపోతుంది.

మెయిన్స్‌లో రాయదగ్గ ఉదాహరణ నర్మదా కాలువ. 1979 ట్రిబ్యునల్ తీర్పులో రాజస్థాన్‌కు వచ్చిన వాటా 0.5 మిలియన్ ఎకరా అడుగులు. 2008 మార్చిలో ఆ నీరు జాలోర్ జిల్లాలోకి ప్రవేశించింది. జాలోర్, బాడ్‌మేర్ జిల్లాల ఆయకట్టులో స్ప్రింక్లర్ తప్పనిసరి చేశారు. పెద్ద కాలువ ప్రాజెక్టులో ఇలాంటి షరతు పెట్టడం కొత్త. నీటి సంఘాలు 'డిగ్గీ' అనే చెరువుల్లో కాలువ నీరు నింపుకుని, పంపులతో తోడి, పైపుల ద్వారా పొలాలకు పంపుతాయి. కాలువ నీటికి స్వతహాగా పీడనం ఉండదు. పీడనం లేకపోతే గరిటె చేయి లేవదు. పీడనానికి కరెంటు కావాలి. నీటి పొదుపు బిల్లు అలా కరెంటు ఖాతాలోకి మారుతుంది. ఆదా అయిన నీరు నదిలోనో భూమిలోనో మిగిలిపోదు, మొదట అనుకున్నదానికంటే పెద్ద ఆయకట్టుకు, దాదాపు 2.46 లక్షల హెక్టార్లకు పంచుతారు. అది తప్పని నేను అనను. ఎడారి అంచు రైతుకు నీరందడం న్యాయమే. కానీ దాన్ని 'నీటి ఆదా' అని రాస్తే ఎగ్జామినర్‌కు మనం విషయం సగమే చెప్పినట్టు.

సెంటర్ పివట్ మన దగ్గర ఎందుకు పెద్దగా లేదో ఒక్క భాగహారంతో తేలుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం 1.08 హెక్టార్లు. ఒక మామూలు పివట్ కింద నలభై ఆరు కమతాలు పడతాయి, గట్లతో సహా. మనకు మిగిలింది మోసుకెళ్లే పైపులు, టక్ టక్ స్ప్రింక్లర్లే.

పథకాల వరస మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం, 2004లో జాతీయ టాస్క్‌ఫోర్స్ నివేదిక, 2006లో కేంద్ర ప్రాయోజిత పథకం, 2010లో జాతీయ మిషన్, 2015 జులై 1న ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన కింద 'ప్రతి చుక్కకు అధిక పంట', 2018-19లో నాబార్డు దగ్గర 5,000 కోట్ల నిధి. కేంద్ర మార్గదర్శకాల్లో చిన్న, సన్నకారు రైతుకు 55 శాతం, ఇతరులకు 45 శాతం సబ్సిడీ. ఈ వరసలో ప్రగతిని కొలిచేది హెక్టార్లతో. ఎన్ని హెక్టార్లలో పరికరాలు పెట్టారో తెలుస్తుంది. మూడో ఏడాదికి అవి ఎలా తిరుగుతున్నాయో ఆ అంకెలో కనిపించదు.

చేలో ఏం జరుగుతుందంటే: ఊళ్లో అన్ని మోటర్లూ ఒకేసారి వేస్తారు, ఓల్టేజీ పడిపోతుంది. పంపు వేగం తగ్గుతుంది, పీడనం తగ్గుతుంది. ధార గరిటెను దూరంగా నెట్టలేదు, దెబ్బ బలహీనపడుతుంది, స్ప్రింక్లర్ ఒక చోట నిలబడిపోతుంది. లేదా బోరులో నీరు తగ్గినా రైతు అన్నే స్ప్రింక్లర్లు నడుపుతాడు, తడి తొందరగా అయిపోవాలని. ఒక్కోదానికీ పీడనం చాలదు, ధార చిట్లదు, దూరంగా ఒక వలయంలో లావుపాటి నీరు, మధ్యలో పొడి. 2019లో వచ్చిన పీఎం-కుసుమ్ సోలార్ పంపులకు ఇంకో చిక్కు: మబ్బు కమ్మితే పీడనం పడుతుంది. నూనె బ్రేకు ఉన్న స్ప్రింక్లర్లు, వేగ నియంత్రణ ఉన్న టర్బైన్ గేరు రకాలు పీడనం కాస్త మారినా వేగాన్ని దాదాపు ఒకే తీరులో ఉంచుతాయి. ఇసుక నీటికి, చిన్న రైతు జేబుకు మాత్రం ఎంగెల్‌హార్ట్ సుత్తే ఇప్పటికీ సరిపోతోంది. విప్పి కడిగి బిగించుకోవచ్చు కాబట్టి. వాషర్లు మాత్రం పారేయకూడదు.

2016 ఆగస్టులో రాయలసీమలో వానలు ముఖం చాటేసినప్పుడు ఎండుతున్న వేరుశనగను కాపాడటానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెయిన్ గన్‌లు దింపింది. వర్షాధార పంటకు ఒక్క రక్షక తడి ఇచ్చి నిలబెట్టాలన్న ఆలోచన మంచిదే. కొడగు పూత వాన లాంటిదే అది. కానీ రెయిన్ గన్‌కు మామూలు స్ప్రింక్లర్ కంటే ఎక్కువ పీడనం కావాలి, దగ్గర్లో కుంటలోనో ట్యాంకరులోనో నీరుండాలి, దాన్ని సరైన వేగంలో తిప్పగలిగే చేయి ఉండాలి. ఈ మూడూ ఒకేసారి ఉన్న పొలం ఎంత దూరంలో ఉందన్నదే ఆ సీజన్లో ప్రతి ఊళ్లోనూ ప్రశ్న అయింది.

ఈ వారం ప్రాక్టీసుకు ఒక ప్రశ్న, 250 పదాల్లో: "సూక్ష్మ సేద్య విస్తీర్ణం పెరిగినంత మాత్రాన భూగర్భ జల వినియోగం తగ్గదు. నర్మదా కాలువ ఆయకట్టు, ఉచిత వ్యవసాయ విద్యుత్తు, సోలార్ పంపుల నేపథ్యంలో చర్చించండి." రాసేటప్పుడు 'ఆదా' అన్న మాట వాడిన ప్రతిచోటా ఆ నీరు చివరికి ఎక్కడికి పోయిందో పక్కనే ఒక లైను రాయండి. జవాబులు కామెంట్లలో పెట్టండి, ఆదివారంలోపు చదివి నాకు తోచింది చెప్తాను.